మూలన కనబడని అక్షరాలు

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు మాస్టారిని. మా మనవడు పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, భాష మార్చుకుని టైపు చేయడానికి ఐబస్ అనే ప్రోగ్రామ్ పెట్టి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిలో తెలుగు కొట్టడం నేర్పి ఉద్యోగానికి వెళ్లిపోయాడు. కింది పట్టీ నల్లగా ఉంటుంది. నేను తెలుగులో ఉన్నానో ఇంగ్లీషులో ఉన్నానో దాని కుడి మూలన గుర్తు చెబుతుందట. తెలుగులో ఉంటే ఏదో బొమ్మ కనిపిస్తోంది. ఇంగ్లీషులోకి వెళ్తే అక్కడ ఖాళీయే. లోపం నా కళ్లదా, కంప్యూటర్‌దా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ కళ్లు భేషుగ్గా ఉన్నాయి. అక్కడ ఖాళీ లేదు, ఈ, ఎన్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. ఐబస్ వాటిని ముదురు నీలంలో వేస్తుంది. తెల్ల పట్టీ మీద చక్కగానే ఉంటాయి. మీ నల్ల పట్టీ మీద మాత్రం పలక మీద నీలం సిరాతో రాసినట్టే.

ఇది నాకూ తగిలింది. గుంటూరులో నా డీటీపీ షాపు. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక సాయంత్రం పార్టీని పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకుని, చీటీలోకి చూస్తూ శుభలేఖ మ్యాటర్ మొత్తం కొట్టేశాను. తలెత్తి చూస్తే 'శ్రీరస్తు' దగ్గర్నుంచి 'విందు' దాకా అంతా ఇంగ్లీషు అక్షరాలే. పెళ్లికూతురి తండ్రి నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆ రాత్రే షటర్ సగం దించి ఈ రంగు సంగతి తేల్చుకున్నాను.

సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో 'డీకాన్ఫ్ ఎడిటర్' అని వెతికి ఇన్‌స్టాల్ చేయండి. తెరిచాక వరసగా డెస్క్‌టాప్, ఐబస్, ప్యానెల్ అనే ఫోల్డర్లలోకి వెళ్లండి. అక్కడ ఎక్స్‌కేబీ-ఐకాన్-ఆర్‌జీబీఏ అని ఒక లైను ఉంటుంది. దానికి మామూలుగా ఉండే విలువ హ్యాష్ గుర్తు, పక్కనే 415099. ఆ నీలం ఇదే. 'యూజ్ డీఫాల్ట్ వాల్యూ' ఆపేసి, హ్యాష్ పక్కన ఆరు ఎఫ్‌లు కొడితే తెలుపు వస్తుంది. నేను నాలుగు ఎఫ్‌లు, రెండు సున్నాలు పెట్టుకున్నాను, అంటే పసుపు. వెలుగు తక్కువగా ఉన్న గదిలో నాకు పసుపే బాగా ఆనుతుంది. రంగు వెంటనే మారకపోతే ఒకసారి లాగౌట్ అయి రండి. ఆ ఎడిటర్‌లో మిగతావి దేన్నీ కదపకండి, అది కరెంటు మీటరు బోర్డు లాంటిది.

తెలుగుకి వచ్చే బొమ్మ విడిగా ఒక ఫైలు. దానికి ఈ రంగు అంటదు, మీకు అది ఎటూ కనిపిస్తూనే ఉంది కాబట్టి వదిలేయండి. సైజు చాలడం లేదంటే పట్టీ మీద రైట్ క్లిక్ చేసి ప్యానెల్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి, ఐటమ్స్‌లో 'స్టేటస్ ట్రే ప్లగిన్' మీద డబుల్ క్లిక్ చేయండి. ఐకాన్ సైజు అక్కడే ఉంటుంది. పట్టీ సన్నగా ఉంటే ముందు దాని ఎత్తు పెంచాలి, లేకపోతే ఐకాన్ పెరగడానికి చోటుండదు. నా సిస్టమ్‌లో పట్టీ 36, ఐకాన్ 24.

ప్రశ్న: సర్, నేను ఇంజినీరింగ్ సెకండియర్. లినక్స్‌లో ఐకాన్లన్నిటి రూపం ఒకేసారి మార్చే పేపిరస్ ఐకాన్ థీమ్ వేశాను. ట్రేలో (పట్టీ మూలన చిన్న ఐకాన్లుండే చోట) అన్నీ మారాయి గానీ ఒక చాట్ యాప్ ఐకాన్ మాత్రం పాత రంగులోనే మొండికేసి కూర్చుంది. దాన్ని నాకు నచ్చినట్టు మార్చలేనా? – ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: తమ్ముడూ, నా షాపు భాషలోనే చెప్తాను. కస్టమర్ మ్యాటర్‌ని టెక్స్ట్‌గా పంపితే ఫాంటు ఎన్నిసార్లయినా మారుస్తాను. ఫోటో తీసి పంపితే ఫాంటు మార్చడం నా వల్ల కాదు. ట్రేలోనూ అంతే. ఇప్పటి యాప్‌లు చాలావరకు కేడీఈ అనే లినక్స్ డెస్క్‌టాప్ వాళ్లు తెచ్చిన స్టేటస్ నోటిఫయర్ ఐటమ్ పద్ధతిలో, ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీ-బస్ ద్వారా ట్రేతో మాట్లాడతాయి. కొన్ని యాప్‌లు ఐకాన్ పేరు మాత్రం చెబుతాయి. ఆ పేరున్న బొమ్మను ట్రే నీ థీమ్‌లో వెతికి తెచ్చి పెడుతుంది. కొన్ని బొమ్మనే చుక్కలు చుక్కలుగా పంపేస్తాయి. అప్పుడు థీమ్‌కి పని లేదు. వెబ్ పేజీల పద్ధతిలో యాప్‌లు కట్టే ఎలక్ట్రాన్‌తో తయారైన వాటిలో ఈ రెండో రకమే ఎక్కువ.

నీది ఏ రకమో తెలియాలంటే డీ-స్పై అనే టూల్ వేసుకుని, సెషన్ బస్‌లో ఆ యాప్‌ని పట్టుకుని, ఐకాన్‌నేమ్ అనే ప్రాపర్టీ చూడు. అక్కడ పేరుంటే నీ పంట పండినట్టే. ఖాళీగా ఉండి ఐకాన్‌పిక్స్‌మ్యాప్ నిండి ఉంటే ఆ యాప్ సెట్టింగ్స్‌లోనే ఏమైనా దారి ఉందేమో వెతుక్కోవాలి. కీపాస్‌ఎక్స్‌సీ, నెక్స్ట్‌క్లౌడ్ అనే యాప్‌లలో ఒకే రంగు ఐకాన్ పెట్టుకునే ఆప్షన్ ఇచ్చారు. అందరూ ఆ మాత్రం చేస్తే నీ ఉత్తరం వచ్చేదే కాదు.

పేరు దొరికిందనుకో. యూఎస్ఆర్ కింద షేర్‌లో ఉండే ఐకాన్స్ ఫోల్డర్ జోలికి పోకు. అక్కడ మార్చింది తర్వాతి అప్‌డేట్‌లో తుడిచిపెట్టుకుపోతుంది. హోమ్‌లో కంట్రోల్, హెచ్ నొక్కితే దాగి ఉన్న ఫోల్డర్లు కనిపిస్తాయి. డాట్ లోకల్, షేర్, ఐకాన్స్ వరకు వెళ్లి (లేకపోతే నువ్వే సృష్టించి) నీ పేరుతో చిన్న థీమ్ ఫోల్డర్ పెట్టు. అందులో ఇండెక్స్ డాట్ థీమ్ అనే ఫైలు ఉండాలి. 'ఇన్‌హెరిట్స్' దగ్గర పేపిరస్ పేరు రాస్తే, నీ దగ్గర లేని ఐకాన్లన్నీ అక్కడి నుంచి వస్తాయి. వేల బొమ్మలు కాపీ చేసే బాధ ఉండదు. ఇంక్‌స్కేప్‌లో 22 పిక్సెళ్ల ఎస్‌వీజీ గీసి, ఐకాన్‌నేమ్‌లో చూసిన పేరే అక్షరం పొల్లుపోకుండా పెట్టి సేవ్ చేయి. ఏ సబ్‌ఫోల్డర్‌లో సేవ్ చేశావో, అందులోని సైజు ఎంతో కూడా ఇండెక్స్ ఫైల్లో రాయాలి. మొదటిసారి నేను అది మర్చిపోయి బొమ్మ బాగాలేదేమోనని మూడుసార్లు గీశాను.

ప్రశ్న: ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఫెడోరా లినక్స్. అసలు ట్రేయే కనబడటం లేదు. ఏం పోయింది? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పోలేదమ్మా, ఫెడోరాలో మామూలుగా వచ్చే గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వాళ్లే తీసేశారు. 2017లో వచ్చిన గ్నోమ్ 3.26తో పాత ట్రేకి సెలవిచ్చారు. తెర శుభ్రంగా ఉండాలన్నది వాళ్ల పట్టుదల, నాకైతే అది మింగుడుపడలేదు. గ్నోమ్‌నే వాడే ఉబుంటు లినక్స్ వాళ్లు మాత్రం తమ ఎక్స్‌టెన్షన్ ఒకటి కలిపే ఇస్తున్నారు. మీరు 'యాప్‌ఇండికేటర్ అండ్ కేస్టేటస్ నోటిఫయర్ ఐటమ్ సపోర్ట్' అనే ఎక్స్‌టెన్షన్ వేసుకోండి, ఐకాన్లు పైపట్టీలో కుడివైపు వచ్చేస్తాయి. ఆఫీసు మెషీన్ కదా, ఒక మాట మీ సిస్టమ్ అడ్మిన్ చెవిన వేసి చేయండి.