కోసినా చావని పసుపు పూల కలుపు: పట్టంతా తల్లివేరులోనే

ప్రశ్న: మా పశుగ్రాసం మడిలో ఒక కలుపు బాగా పెరిగింది. ఆకుల అంచులు రంపం పళ్లలా ఉంటాయి. పసుపు పువ్వు పూసి, తర్వాత తెల్లటి దూది బంతిలా అవుతుంది. తుంచితే పాలు కారతాయి. ఎన్నిసార్లు కోసినా మళ్లీ వస్తోంది. పశువులు తింటే ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: మీరు చెప్పిన గుర్తులను బట్టి ఇది డాండెలైన్. అయినా ఒకసారి కాడను చూడండి. ఆకు లేకుండా, లోపల బోలుగా, కొసన ఒకే పువ్వుతో ఉంటే అదే. కాడకు కొమ్మలు, ఆకులు ఉంటే అది వేరే మొక్క. డాండెలైన్ అయితే పశువులకు భయం లేదు, అది విషపు మొక్క కాదు. ఎండుగడ్డి చేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. దీని ఆకు గడ్డి కంటే నిదానంగా ఆరుతుంది, పచ్చిగా ఉండగానే మోపు కడితే బూజు పడుతుంది.

కోసినా ఎందుకు చావడం లేదంటే, దీని మొవ్వు నేలమట్టానికే ఉంటుంది. కొడవలి దానిదాకా పోదు. కింద తల్లివేరు జానెడు నుంచి అడుగున్నర దాకా దిగుతుంది. అందులో ఇన్యులిన్ అనే పిండిపదార్థం దాచుకుని ఉంటుంది కాబట్టి ఆకులన్నీ పోయినా మళ్లీ చిగురిస్తుంది. పారతో పైపైన నరికితే ఇంకా నష్టం. తెగిన చోట పాలు చిమ్మి ఆరిపోతాయి, కొన్నాళ్లకు అక్కడే రెండు మూడు పిలకలు లేస్తాయి. ఒక మొక్క గుబురవుతుంది.

ఇక గింజల సంగతి. పువ్వును చీల్చి చూడండి. మనం రేక అనుకునే ప్రతిదీ ఒక పూర్తి పువ్వే, పొద్దుతిరుగుడు కుటుంబం లక్షణం అది. ఒక్క బంతిలో అలాంటివి వందకు పైగా ఉండొచ్చు, ఒక్కోదానికి ఒక్కో గింజ. పైగా చాలా డాండెలైన్లలో క్రోమోజోములు రెండు సెట్లకు బదులు మూడు ఉంటాయి. అవి ఫలదీకరణ లేకుండానే గింజ కడతాయి, పిల్ల మొక్కలన్నీ తల్లికి నకళ్లే. అందుకే విచ్చిన పువ్వును కోసి మడిలోనే పడేస్తే అందులోనూ గింజ ముదురుతుంది. ఆ గింజకు నిద్రావస్థ కూడా దాదాపు ఉండదు, తేమ తగిలితే కొద్ది రోజుల్లోనే మొలుస్తుంది.

కాబట్టి పువ్వు దశలోనే బంతులు తుంచి మడి బయటకు తీసుకెళ్లండి. దూది బంతులు అయిపోయి ఉంటే తెల్లవారుజామున మంచు తడి మీద ఏరండి. తడికి ఆ నూగు గొడుగులు ముడుచుకుంటాయి, గింజ ఎగరదు. నిజంగా అద్భుతమైన నిర్మాణం అది. ఒక్కో గొడుగులో సుమారు 100 సన్నటి పోగులు ఉంటాయి. గింజ కిందికి దిగేటప్పుడు వాటిపైన ఒక గాలి సుడి నిలబడి దాన్ని తేలుస్తుందని 2018లో తేలింది.

వేరు తీయడానికి మంచి వాన పడిన మర్నాడు సన్నటి గునపం పక్కన దించి, మట్టి వదులు చేసి, మొవ్వుతో సహా పైకి లాగండి. ముక్క మిగిలితే కొన్ని వారాల్లో మళ్లీ లేస్తుంది, అప్పుడు రెండోసారి తీయాలి. ఖాళీ అయిన చోట వెంటనే గడ్డి విత్తనం చల్లండి. ఒత్తుగా గడ్డి ఉన్న చోట దీని మొలకకు వెలుతురు అందదు.

కలుపు మందు కొట్టాలనుకుంటే, మడిలో లూసర్న్ లాంటి పప్పుజాతి గ్రాసం ఉన్నప్పుడు 2,4-డి జోలికి వెళ్లకండి. కలుపుతో పాటు అదీ దెబ్బతింటుంది.