క్షయ, క్రిటికల్ కేర్: రెండూ ఒకే వృత్తిలో

ప్రశ్న: వైద్యవిద్య చివరి సంవత్సరంలో ఉన్నాను. క్షయ చికిత్స నెలల తరబడి సాగుతుంది, ఐసీయూ పని నిమిషాల మీద నడుస్తుంది. రెండింటినీ కలిపి వృత్తిగా ఎంచుకోవచ్చా?

జవాబు: నిస్సందేహంగా ఎంచుకోవచ్చు. మందులకు లొంగే క్షయకు చాలాకాలంగా వాడుకలో ఉన్న 6 నెలల చికిత్సలో మొదటి 2 నెలలు 4 మందులు, ఆ తర్వాత వాటిలో కొన్ని మాత్రమే ఇస్తారు. కానీ అదే రోగి ఊపిరి అందక వెంటిలేటర్ మీదికి చేరినప్పుడు, మాత్రలను నూరి ముక్కు గొట్టం ద్వారా పంపవలసి రావచ్చు, పేగులు వాటిని సరిగా పీల్చుకోకపోవచ్చు. పైగా క్షయ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను ఉత్తేజపరచి అనేక ఇతర మందుల ప్రభావాన్ని తగ్గిస్తుంది కనుక, మత్తుమందు మోతాదును కూడా మళ్లీ సరిచూసుకోవాలి. క్షయ తెలిసిన వైద్యుడి విలువ ఐసీయూలో తెలిసివచ్చేది ఇక్కడే.

శ్వాసనాళంలో గొట్టం వేసేటప్పుడు రోగి నోరు మీ ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది; ఎన్95 మాస్కు ముక్కు దగ్గర బిగుతుగా కూర్చుందో లేదో చూసుకోకుండా, ఎంత తొందర ఉన్నా, మంచం దగ్గరికి వెళ్లకండి.

1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో ప్రబలినప్పుడు మీలాంటి వైద్యవిద్యార్థులే వంతులవారీగా చేతితో సంచి నొక్కుతూ రోగులకు ఊపిరి అందించారు. ఆధునిక ఐసీయూకు బీజం అక్కడే పడింది. ముందుగా శ్వాసకోశ వైద్యంలో పీజీ, ఆపై క్రిటికల్ కేర్ శిక్షణ తీసుకోవడం మీకు అనువైన దారి అని నా అభిప్రాయం.