లాగ్స్ పెట్టమన్నవాడే నీకు సాయం చేసేవాడు

ప్రశ్న: అక్కా, ఆగస్టు రెండో వారంలో డాలస్‌కి ఫ్లైటు. ఎమ్మెస్. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (విండోస్ లాంటి లైనక్స్ సిస్టం) ఉంది. మూత వేసి మళ్లీ తెరిస్తే ఒక్కోసారి వైఫై రాదు. ఇక్కడైతే అమీర్‌పేటలోనో సికింద్రాబాద్ సీటీసీలోనో ఎవరో ఒకరు చూస్తారు. అక్కడ రిపేరుకిస్తే జేబు ఖాళీ అంటున్నరు. ఆన్‌లైన్‌లో ఫ్రీగా చెప్పేవాళ్లుంటారు కదా అని ఒక ఫోరంలో అడిగిన. ఎవ్వరూ పలకలే. ఒకాయన మాత్రం ‘లాగ్స్ పెట్టు’ అని ఒక్క ముక్క రాసి పోయిండు. వాళ్లతో ఎట్ల మాట్లాడాలె? — నిజాంపేట నుంచి ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, ఎవ్వరూ పలకలేదని నువ్వంటున్నావు గానీ, ఒకాయన పలికాడు. లాగ్స్, అంటే కంప్యూటరు రాసుకునే చిట్టా, అడగడమే పలకడం. సీటీసీలో అయితే ‘కూసో తమ్మీ, ఏమైంది’ అని పలకరించి స్క్రూలు విప్పుతారు. ఫోరంలో ఆ మర్యాదలుండవు. ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల్ని పడుకోబెట్టి, ఓ అరగంట పదిమంది ప్రశ్నలు చూసే మనిషి అతను. జీతం లేదు, నువ్వెవరో తెలీదు. అయినా నీ పోస్టు తెరిచి చదివి, ఇంకేం కావాలో చెప్పాడు. నువ్వు లాగ్స్ పెట్టి ఉంటే మళ్లీ వచ్చేవాడు. మనవాళ్ల ప్రశ్నలు సగం ఇక్కడే ఆగిపోతాయి. అవతలివాడు వివరం అడగ్గానే కసురుకున్నాడనుకుని ముడుచుకుపోతారు, లేదా అదే ప్రశ్న ఇంకో నాలుగు చోట్ల పెడతారు. ఈ రెండోది మరీ తప్పు. ఒకచోట ఒకాయన గంట కూర్చుని జవాబు రాస్తుంటే, ఇంకోచోట నీ సమస్య అప్పటికే తీరిపోయి ఉంటుంది. అది తెలిస్తే ఆయన మళ్లీ నీ పేరున్న పోస్టు తెరవడు.

నీ పోస్టు నేను చూడలేదు గానీ, ఎలా ఉండి ఉంటుందో చెప్పగలను. ‘వైఫై నాట్ వర్కింగ్, ప్లీజ్ హెల్ప్ సర్, వెరీ అర్జెంట్’. అవునా? ఇది ‘అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఉన్నాను, రా’ అన్నట్టుంది, ఎవరొచ్చి నిన్ను కనుక్కుంటారు? అక్కడ ఎప్పుడూ వెయ్యి మంది ఉంటారు. శీర్షికలోనే నీ ఆనవాలు ఉండాలి: ‘ఉబుంటు 24.04లో సస్పెండ్ నుంచి లేచాక రియల్‌టెక్ వైఫై కనిపించదు, రీస్టార్ట్ చేస్తే వస్తుంది’. సస్పెండ్ అంటే మూత వేస్తే పట్టే నిద్ర, రియల్‌టెక్ అంటే వైఫై చిప్పు కంపెనీ. ఈ ఒక్క వాక్యం చూసి ఆ చిప్పుతో తిప్పలు పడ్డవాడు ఆగుతాడు, మిగతావాళ్లు దాటుకుపోతారు. నీకు కావలసిందీ అదే. ‘అర్జెంట్’ అన్న మాట మాత్రం తీసెయ్. ఊరికే చేసిపెట్టేవాడికి నీ అర్జెంటుతో పనేంటి? పైగా ఆ మాట చూస్తేనే కొందరికి ఒళ్లు మండుతుంది.

లోపల ఏం రాయాలంటే: ల్యాప్‌టాప్ కంపెనీ, మోడల్, అడుగున స్టిక్కరు మీద ఉన్నది ఉన్నట్టు. వైఫై చిప్పు పేరు, కెర్నల్ (ఉబుంటు లోపలి మూలభాగం) వెర్షను. ఎప్పటినుంచి వస్తోంది, దానికి ముందు ఏ అప్‌డేట్ వేశావు. ప్రతిసారీ వస్తుందా, ఒక్కోసారేనా. ఇప్పటిదాకా ఏమేం చేసి చూశావు: ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీశావా, నెట్‌వర్క్ మేనేజర్‌ని రీస్టార్ట్ చేశావా, పాత కెర్నల్‌తో బూట్ చేసి చూశావా. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే ఇంకా మంచిది. అందులోనూ అదే తంతైతే నీ సెట్టింగుల తప్పు కాదని తేలిపోతుంది, సగం చర్చ తగ్గుతుంది. ఏది చేశావో రాయకపోతే, చేసిందే మళ్లీ చేయమంటారు. అప్పుడు నీకు విసుగు, వాళ్లకూ విసుగు.

లాగ్స్ అంటే భయపడేదేం లేదు. కంప్యూటరు తన రోజువారీ పనులు రాసుకునే చిట్టా అంతే. వైఫై పోయిన వెంటనే టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) తెరిచి జర్నల్‌సీటీఎల్ అనే కమాండ్ కొడితే వచ్చిన దాంట్లో, ల్యాప్‌టాప్ నిద్రలేచిన సమయం నుంచి ఓ రెండు నిమిషాల వరకు కోసి పెట్టు. మొత్తం చిట్టా కుమ్మరించకు, అలాగని నీకు ముఖ్యమనిపించిన రెండు లైన్లే ఏరి పెట్టకు. ఏది ముఖ్యమో నీకు తెలిసుంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదుగా. పెట్టేది అక్షరాల్లో పెట్టు. ఫోనుతో స్క్రీన్‌ను వంకరగా ఫొటో తీసి పెట్టేవాళ్లుంటారు, పైన ట్యూబ్‌లైటు మెరుపు కూడా పడుతుంది. అలాంటి ఫొటోలోంచి ఒక లైను తప్పుల్లేకుండా కాపీ చేసుకుని వెతకడం కష్టం. పెట్టే ముందు అందులో నీ యూజర్‌నేమ్, ఇంటి వైఫై పేరు, మ్యాక్ అడ్రస్ (నీ వైఫై చిప్పు గుర్తింపు నంబరు) ఉంటే చెరిపెయ్.

ఎక్కడ అడగాలన్నది కూడా ముఖ్యమే. 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో కోడింగ్ ప్రశ్నలకు. అక్కడ నీ వైఫై గోడు పెడితే మూసేస్తారు, పైగా మైనస్ ఓట్లు. దాని కుటుంబంలోనే ఉబుంటుకి ఆస్క్ ఉబుంటు, మామూలు కంప్యూటర్ సమస్యలకు సూపర్ యూజర్ ఉన్నాయి. ఇవి ప్రశ్న-జవాబు పద్ధతిలో నడుస్తాయి, ముచ్చట్లకు చోటుండదు. కొత్త ఖాతాతో ఎక్కడపడితే అక్కడ కామెంట్ కూడా పెట్టలేవు, దానికి 50 పాయింట్లు (నీ పోస్టులకు ఓట్లు పడితే వచ్చేవి) కావాలి. నీ సొంత ప్రశ్న కింద మాత్రం పెట్టుకోవచ్చు. కొత్తవాళ్లు ఇది తెలియక, పక్కవాడి ప్రశ్న కింద జవాబు పెట్టెలో ‘నాకూ ఇదే ప్రాబ్లమ్’ అని రాసి తిట్లు తింటారు. ఫైర్‌ఫాక్స్‌కి మొజిల్లా సపోర్ట్, ఐఫోన్‌కి యాపిల్ సపోర్ట్ కమ్యూనిటీ ఉన్నాయి. కంపెనీ పేరు చూసి అక్కడ జవాబిచ్చేవాళ్లంతా కంపెనీ ఉద్యోగులనుకోకు, చాలామంది నీలాంటి వాడకందార్లే. వాళ్ల మీద అరిస్తే కంపెనీకి వినపడదు.

తెలుగులోనూ ఇలాంటి చోట్లు లేకపోలేదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అక్కడ రచ్చబండ అనే పేజీ ఉంది, టైపింగ్ తిప్పల దగ్గర్నుంచి మూసల (టెంప్లేట్ల) దాకా జనం తెలుగులోనే అడుగుతారు, తెలుగులోనే చెబుతారు. మన హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగలిగేది) మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. ఇంగ్లీషులో పోస్టు రాయడానికి జంకేవాళ్లు ముందు ఇలాంటి చోట నలుగురితో కలిస్తే నోరు తిరుగుతుంది. ఇంగ్లీషు గురించి ఒక మాట: గ్రామర్ తప్పులు ఎవరూ పట్టించుకోరు. జర్మనీవాళ్లు, బ్రెజిల్‌వాళ్లు అంతకంటే విరిచి రాస్తారు. వివరం లేకపోతేనే పట్టించుకుంటారు.

చాట్‌బాట్‌ని అడిగితే సరిపోదా అంటావేమో. అడుగు, నేనూ అడుగుతా. కానీ అది ఐదేళ్ల నాటి వెర్షన్‌కి పనికొచ్చే కమాండ్‌ను అంతే ధీమాగా చెబుతుంది. అది చెప్పింది చేశాక ఏమైందో ఫోరంలో రాయి. అది ఇచ్చిన జవాబును తెచ్చి ఇంకొకరి ప్రశ్న కింద మాత్రం అతికించకు. స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులోనే దాన్ని నిషేధించింది.

మనిషైనా మెషినైనా ఇచ్చిన కమాండ్ ఏం చేస్తుందో తెలుసుకోకుండా ఎంటర్ కొట్టకు. ముఖ్యంగా ముందు సూడో (పూర్తి అధికారంతో నడుపు అని) ఉండి, తర్వాత ఆర్‌ఎమ్ (ఫైళ్లు తీసెయ్ అని) ఉంటే ఆగు. సరదాకి డిస్క్ మొత్తం తుడిచే కమాండ్ చెప్పే వెధవలు ఎప్పుడూ ఉంటారు. అందుకే మాట్లాడేదంతా బహిరంగంగానే మాట్లాడాలి. ఒకడు తప్పు చెబితే పక్కవాడు ‘అది చేయకు’ అంటాడు. ప్రైవేటు మెసేజ్‌లో ఆ పక్కవాడు ఉండడు.

ఇక్కడే అసలు దొంగలు దిగుతారు. పోస్టు పెట్టిన పది నిమిషాలకు ‘నీ సమస్య నాకు తెలుసు, వాట్సాప్‌లో రా’ అని మెసేజ్ వస్తుంది. తర్వాత ఎనీడెస్క్ (నీ కంప్యూటరును దూరం నుంచి నడిపించే యాప్) వేసుకోమంటాడు. స్క్రీన్ మీద ఏవేవో ఎర్ర గుర్తులు చూపించి వైరస్ అంటాడు. ఆఖరికి గిఫ్ట్ కార్డు నంబర్లు చదవమంటాడు. నిజంగా సాయం చేసేవాడెవడూ గిఫ్ట్ కార్డు అడగడు. స్క్రీన్ మీద పెద్ద శబ్దంతో ‘ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అని వచ్చేదీ అంతే. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబరు ఉండనే ఉండదు. నువ్వు కుర్రాడివి, తప్పించుకుంటావు. ఇంట్లో అమ్మానాన్నలకు ఈ సంగతి విమానం ఎక్కేలోపే చెప్పు. వాళ్లకి ఫోన్ పాడైతే గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతకొద్దని, నిన్ను అడగమని చెప్పు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించు. నువ్వెళ్లాక వాళ్లకు ఉచిత సపోర్టు సెంటరువి నువ్వే. వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ ఉంది, ఇప్పుడే నేర్పి వెళ్లు. లేకపోతే అర్ధరాత్రి మీ అమ్మ ‘ఆకుపచ్చది నొక్కాన్రా, ఏదో అయింది’ అంటుంటే ఆ ఆకుపచ్చది ఏదో కనుక్కోవడానికే గంట పడుతుంది. మా ఇంట్లో ఇది ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

యూనివర్సిటీ విషయాలు ఫోరంకి తేకు. క్యాంపస్ వైఫై ఎడ్యురోమ్ (చాలా యూనివర్సిటీలు కలిసి నడిపే వైఫై) అయితే అది నీ యూనివర్సిటీ లాగిన్‌తో పనిచేస్తుంది, దాని సెక్యూరిటీ సర్టిఫికెట్ల గొడవ మీ ఐటీ హెల్ప్ డెస్కుకే తెలుసు. నీ ఫీజులో దాని ఖర్చూ ఉంది, మొహమాటపడకుండా వెళ్లు. అసైన్‌మెంట్ ప్రశ్నను ఉన్నదున్నట్టు నెట్‌లో పెట్టి జవాబు తెచ్చుకోవడం మాత్రం మహా ప్రమాదం. ప్రొఫెసర్లు కూడా ఆ సైట్లే చూస్తారు. అకడమిక్ ఇంటెగ్రిటీ కేసై, అంటే కాపీ కేసై, సస్పెన్షన్ దాకా పోతే నీ ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) స్టేటస్‌కే ఎసరు. అర్థం కాని కాన్సెప్టు అడుగు, నీ సొంత చిన్న ఉదాహరణ రాసుకుని అడుగు. రేపు ఇంటర్న్‌షిప్‌లో చేరాక ఇదే పద్ధతి కంపెనీ కోడ్‌కి కూడా. సమస్య వచ్చే పది లైన్లు వేరే పేర్లతో మళ్లీ రాసి పెట్టు, కంపెనీ ఫైలు తెచ్చి పెట్టకు. అందులో ఎక్కడో ఒక పాస్‌వర్డో ఏపీఐ కీనో (ప్రోగ్రాములు వాడే పాస్‌వర్డు లాంటిది) ఉంటుంది. చూసుకుని తీసేసినా అప్పటికే ఎవడో ఎత్తుకుపోయి ఉంటాడు.

సమస్య తీరాక మళ్లీ వెళ్లి ఏం చేస్తే తీరిందో రాయాలి. మనవాళ్లు ‘థాంక్యూ సర్’ అని ఊరుకుంటారు, లేదా అదీ లేదు. ఫలానా కెర్నల్‌కి మారితే పోయింది అని ఒక్క లైను రాస్తే, రెండేళ్ల తర్వాత అదే ల్యాప్‌టాప్ ఉన్న ఇంకొకడు గూగుల్‌లో అదే చూసుకుంటాడు. జవాబిచ్చినవాళ్లు ఆ లైను కోసమే చూస్తారు. ఈ జవాబు పనిచేసిందని చెప్పే టిక్ మార్కు ఉంటే అదీ పెట్టు.

నీకు పలకలేదనిపించడానికి వేళ కూడా ఒక కారణం కావచ్చు. డాలస్‌లో ఆగస్టులో రాత్రి పదైతే ఇక్కడ మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర. అమెరికా పడుకుంటుంది, యూరప్ ఇంకా లేవదు. ఒక రోజంతా ఆగు. ఈలోగా ‘ఎనీ అప్‌డేట్’ అని కింద కింద రాసుకుంటూ పోకు. కొన్ని ఫోరంలలో ఇంకా ఎవరూ జవాబివ్వని పోస్టుల జాబితా ఉంటుంది. నీకు నువ్వే జవాబు రాసుకుంటే అందులోంచి జారిపోతావు.

నీ వైఫై సంగతికొస్తే, ఇంకా టైముంది కాబట్టి హైదరాబాద్‌లోనే తేల్చుకో. చిప్పు బోర్డుకి సాల్డర్ చేసింది కాకుండా విడి కార్డైతే, సీటీసీలో ఇంటెల్ కార్డు వేయించు. ఇంటెల్ వైఫై డ్రైవర్లు లైనక్స్ కెర్నల్‌లోనే ఉంటాయి. నీది ఏఎమ్‌డీ ప్రాసెసరైతే ఏఎక్స్200 గానీ ఏఎక్స్210 గానీ అడుగు. ఏఎక్స్201, ఏఎక్స్211 ఇస్తే తీసుకోకు, అవి ఇంటెల్ ప్రాసెసర్ల బోర్డుల్లోనే పనిచేస్తాయి. షాపతను ‘అన్నీ ఒకటే తమ్మీ’ అంటాడు, వినకు. ల్యాప్‌టాప్ విప్పించేముందు వారంటీ మిగిలి ఉందా, అది ఇండియాకేనా అన్నది కూడా చూసుకో. ఒక యూఎస్‌బీ ఈథర్నెట్ అడాప్టర్ బ్యాగులో పడేసుకో. వైఫై పోయిన రోజు ఫోరం తెరవడానికైనా నెట్ ఉండాలి కదా.

ఖాతాలు కూడా ఇప్పుడే తెరిచిపెట్టుకో, నీ సొంత ఈమెయిల్‌తో. కాలేజీ ఈమెయిల్‌తో వద్దు, చదువు అయిపోయాక చాలా యూనివర్సిటీలు దాన్ని తీసేస్తాయి. రెండో లాగిన్ కోడు ఇండియా నంబరుకి కాకుండా ఆథెంటికేటర్ యాప్‌లో (సిమ్ లేకపోయినా ఫోన్‌లోనే కోడు చూపించేది) వచ్చేలా పెట్టుకో. రీఛార్జ్ మర్చిపోయి ఆ సిమ్ ఆగిపోతే ఖాతా తాళం నీ చేతిలో ఉండదు.