ఫోటోకు పదును ఎంత?

సందేహం: చంద్రగిరి రాజమహల్ కమాను నీడలో నిలబడి, బయటి ఎండా కొండా కూడా పడేలా హెచ్‌డీఆర్‌లో (వేర్వేరు వెలుగుల్లో తీసిన షాట్లను కలిపే పద్ధతిలో) తీసి, బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చాను. బూడిద పూసినట్టు పేలవంగా వచ్చింది. కాంట్రాస్ట్, షార్ప్‌నెస్ పెంచమన్నారు మిత్రులు. వీటికి తెలుగు అడిగితే ఫోన్ 'వైరుధ్యం', 'తీక్షణత' అంటోంది. వాడొచ్చా? – ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: వైరుధ్యం వద్దండీ. విరుద్ధమైనవి ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. ఫోటోలో నలుపు పక్కన తెలుపు ఉంటే రెండూ నిలుస్తాయి. ఇక 'తీక్షణత' తప్పు రూపం. తీక్ష్ణం, తీక్ష్ణత అనాలి. 'క్ష' కింద 'ణ' వత్తు పలకడం బరువనిపించి 'తీక్షణంగా చూశాడు' అని రాసేస్తున్నారు, ఇప్పుడు ఫోన్లూ అదే నేర్చుకున్నాయి. సరిగ్గా రాసినా అది ఎండకు, విషానికి చెల్లుతుంది గానీ ఫోటోకు అతకదు. నిశితం అంటే సానపట్టినది, పరిశీలనకు బాగుంటుంది. 'వాడి' అనే మాట బాణానికి సరి.

మీకు కావలసిన మాట పదును. పాత రూపం పదను. చాలామంది కత్తి అంచునొక్కదాన్నే గుర్తుపెట్టుకున్నారు గానీ, ఈ మాట గుండెలో ఉన్న అర్థం అది కాదు: ఏ వస్తువైనా పనికి సరిగ్గా కుదిరిన స్థితి. మన చిత్తూరు రైతు చెనిక్కాయ విత్తే ముందు 'పదును వాన పడిందా' అంటాడు. మట్టి పిడికిట పడితే ముద్ద కావాలి, వదిలితే విడిపోవాలి, అదీ పదును. నీళ్లు నిలిచినా కాదు, దుమ్ము లేచినా కాదు. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచేదీ అందుకే, ఎక్కువైతే పెళుసెక్కి విరుగుతుంది, తక్కువైతే వంగుతుంది. అరిసెల పాకానికీ పదునే. తోళ్లనూ పదును చేస్తారు. మనకు అటూ ఇటూ ఉన్న భాషల్లో చూడండి, తమిళంలో ఇది 'పదం' (సంస్కృత పదం కాదు, ఇది వేరే), 'ఒరు పానై సోట్రుక్కు ఒరు సోరు పదం' అని సామెత, కుండెడు అన్నానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలని. కన్నడంలో 'హద'. మన పాలు వాళ్లకు హాలు, మన పువ్వు వాళ్లకు హూవు అయినట్టే. కుప్పం సంతలో ఈ మూడూ ఒకే పూట వినొచ్చు.

ఇప్పుడు మీ ఫోటోకు వస్తాను. షార్పెనింగ్ లేని వివరాన్ని తెచ్చిపెట్టదు. అంచు దగ్గర తెల్లటి వైపును ఇంకొంచెం తెల్లగా, నల్లటి వైపును ఇంకొంచెం నల్లగా చేస్తుంది, కంటికి స్పష్టంగా అనిపిస్తుంది. అంటే అదీ చిన్న చోట పెంచిన కాంట్రాస్టే. అతిగా పెంచితే కొండ అంచు వెంట తెల్లటి గీత తేలుతుంది, ఆకాశం గరుకుదేలుతుంది. దాన్ని చూసి 'భలే పదునుగా ఉంది' అంటే నాకు బాధ కలుగుతుంది. అది పదును తప్పిన ఫోటో, ముదిరిన పాకం లాంటిది. ఫోటో సైజు తగ్గించడం అయ్యాక, నూరు శాతం సైజులో చూస్తూ, చిట్టచివర్లో పదును పెట్టండి. షాట్ల మధ్య కెమెరా కదిలి అంచులు మసకబారి ఉంటే మాత్రం ఏ పదునూ పనిచేయదు, ఈసారి స్టాండు మీద పెట్టి తీయండి.

కాంట్రాస్ట్‌కు అంత గట్టిగా చెప్పలేను. హెచ్‌డీఆర్‌లో ఒకే దృశ్యాన్ని మామూలుగా ఒకటి, రెండు స్టాపులు (వెలుగు కొలతలో మెట్లు) తక్కువగా ఒకటి, రెండు ఎక్కువగా ఒకటి తీసి కలుపుతారు కదా, ఆ వెలుగంతా తెర మీద ఇమిడేలా సాఫ్ట్‌వేర్ నొక్కేటప్పుడు నలుపూ తెలుపూ రెండూ బూడిద వైపు జరుగుతాయి. దగ్గరికి జరిగిన వాటి మధ్య ఎడం పెంచడమే మీ పని: ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వెలుగునీడలను సర్దే గీతను, అంటే కర్వ్‌ను, ఎస్ ఆకారంలో వంచండి, బ్లాక్ అండ్ వైట్‌గా మార్చేటప్పుడు నీలాన్ని తగ్గించండి, ఆకాశం నల్లబడి కోట ముందుకొస్తుంది. అందుకని నేనైతే 'వెలుగునీడల ఎడం' అంటాను. 'తేడా' అన్నా చాలు. స్టూడియోల్లో అందరూ కాంట్రాస్ట్ అనే అంటారు, మీరూ అలాగే అన్నా నేను కాదనను. వైరుధ్యం మాత్రం రాయకండి.