ఉప్పూ బెల్లం కొలిచి కలుపు నాయనా

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

దూరం పరుగెత్తేటప్పుడు తాగే ఉప్పూ తీపీ నీళ్లు ఇంట్లోనే ఎలా కలపాలని నిన్న నువ్వు అడిగావు, ఫోనులో సరిగ్గా చెప్పలేకపోయాను. గ్రాములూ చెంచాలూ ఉన్న మాట చెవిన పడితే సగం గాలికి పోతుంది. అందుకే కాగితం తీశాను. దీన్ని మీ వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టుకో.

అలిపిరి నుంచి జూపార్కు రోడ్డు మీదుగా శ్రీనివాసమంగాపురం దాటి పరుగెత్తి వచ్చేటప్పుడు కాళ్లు మొద్దుబారుతున్నాయన్నావు. నీళ్లు తాగితే కడుపులో గుడగుడలాడుతున్నాయి తప్ప ఒంటికి పట్టడం లేదన్నావు. దుకాణంలో కొనే ఆటగాళ్ల పానీయం పొట్లాల ఖర్చు చూసి మీ అమ్మ గొణుగుతోందనీ అన్నావు. పొట్లంలో ఉండేది ముఖ్యంగా చక్కెర, ఉప్పు, పులుపు, రంగు. రంగు తప్ప మిగతావన్నీ మనింట్లో ఉన్నాయి. కావలసింది కొలత ఒక్కటే, అది లేక నేను ఒకసారి పిల్లలను బాధపెట్టాను.

బడిలో ఆటల టీచరుగా, అదే పీఈటీగా, చేరిన కొత్తలో ఆడపిల్లలను పరుగు పోటీలకు తీసుకుపోయాను. మార్చి ఎండ. ఎంత తీపి ఉంటే అంత సత్తువ అనుకుని గ్లూకోజు పొడి డబ్బా బిందెలో కుమ్మరించి, చేత్తో కలిపి తలా రెండు గ్లాసులు తాగించాను. మూడు వేల మీటర్ల పరుగులో ఇద్దరు పొట్ట పట్టుకుని పక్కకు తప్పుకున్నారు. ఒక పిల్ల గీత దాటగానే కక్కుకుంది. అసలు పదీ పదిహేను నిమిషాల పరుగుకు ఆ నీళ్లే అక్కర్లేదు. తప్పు నాది. ఆ పిల్ల ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది.

అప్పుడు ఏం జరిగిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. చిక్కటి తీపి పేగులోకి దిగితే, దాన్ని పలుచన చేయడానికి ఒంట్లో ఉన్న నీళ్లే పేగులోకి వస్తాయి. దాహం తీరాల్సింది పోయి కడుపు ఉబ్బుతుంది. అలాగని ఉత్త నీళ్లు గంటలకొద్దీ తాగినా పని జరగదు. పేగు గోడలో గ్లూకోజును లోపలికి చేర్చే ఒక వాకిలి ఉంది. ఉప్పులోని సోడియం తోడు లేకుండా గ్లూకోజు ఆ వాకిలి దాటలేదు. రెండూ కలిసి లోపలికి పోతే వాటి వెంట నీళ్లు పోతాయి. రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో ఈ సంగతి చెప్పాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ల శిబిరంలో, పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్‌లో, కలరా వచ్చి సెలైన్ అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు డ్రమ్ములలో పెట్టి తాగించాడు. నూటికి ముప్పై మంది దాకా పోతున్న చావులు నాలుగు లోపుకు దిగాయి. నువ్వు భుజాన వేసుకుపోయే సీసా వెనక అంత కథ ఉంది. ఆటగాళ్ల కోసం అలాంటి నీళ్లను 1965లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కేడ్ అనే డాక్టరు కలిపాడు, అక్కడి ఫుట్‌బాల్ పిల్లలు ఎండకు సొమ్మసిల్లుతుంటే. గేటరేడ్ అనే ఆటగాళ్ల పానీయం పుట్టింది అలా.

అయితే ఓఆర్ఎస్ పొట్లమే తాగేస్తే సరిపోదా అని అడుగుతావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) లెక్క ప్రకారం లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వీటితోపాటు ఇంకో రెండు లవణాలు. అది విరేచనాలు అయినవాళ్లకు మందు. అందులో ఉప్పెక్కువ, తీపి తక్కువ. పరుగెత్తేవాడికి నీళ్లతోపాటు ఇంధనమూ కావాలి. కండల్లో దాచిన పిండిపదార్థం గంటన్నర, రెండు గంటల పరుగుకు అడుగంటుతుంది. నీ కాళ్లు మొద్దుబారేది అక్కడే. ఇంకొకటి, దుకాణంలో ఓఆర్ఎస్ అని కనిపించిన ప్రతి డబ్బానూ నమ్మకు. డబ్ల్యూహెచ్ఓ లెక్కకు సరిపోని తీపి పానీయాల మీద ఆ పేరు వేయకూడదని 2025 అక్టోబరులో దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే గానీ అది రాలేదు. ఆమెకు దండం పెట్టాలి.

ఇక అసలు కొలత. కాచి చల్లార్చిన నీళ్లు ఒక లీటరు. చక్కెర 60 గ్రాములు, అంటే పెద్ద చెంచాతో తలకొట్టి ఐదు. మెత్తటి ఉప్పు చిన్న చెంచాలో నాలుగో వంతు, సుమారు గ్రామున్నర. ఒక నిమ్మకాయ రసం. అంతే. దీంట్లో సోడియం 600 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది, తీపి నూటికి ఆరు పాళ్లు. పరుగుకు ఇది సరిపోయిన పాకం. నాలుక మీద వేసుకుంటే కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. ఉంటే కలిపింది పారబోసి మళ్లీ కలుపు, నీళ్లు పోసి సరిచేద్దామని చూడకు. తీపి లెక్క కూడా తప్పుతుంది.

ఉప్పు విషయంలో మూడు మాటలు జాగ్రత్తగా చదువు. కల్లుప్పు చెంచాతో కొలిస్తే రాళ్ల మధ్య ఖాళీ ఉంటుంది, కొలత తప్పుతుంది. దాన్ని తూకం వేయి, లేకపోతే దంచి మెత్తగా చెయ్యి. సైంధవ లవణమైనా నల్ల ఉప్పైనా ఎక్కువ భాగం సోడియం క్లోరైడే. వాసన నచ్చితే వాడుకో, అదనపు బలమేమీ రాదు. మీ నాన్న బీపీ కోసం తెచ్చుకున్న సోడియం తగ్గించిన ఉప్పు డబ్బా మాత్రం ముట్టుకోవద్దు, నీకు కావలసిందే అందులో తగ్గించి ఉంటారు. నీ నల్ల బనియను ఆరాక మీద తెల్లటి చారలు కనిపిస్తున్నాయా? కనిపిస్తే నీ చెమటలో ఉప్పు ఎక్కువ పోతోందని. అప్పుడు లీటరుకు ఇంకో చిటికెడు వేసుకో.

మన చిత్తూరు బెల్లం ఉండగా చక్కెర ఎందుకంటావని నాకు తెలుసు. నేనూ బెల్లమే వాడతాను. దాంట్లో ఎక్కువ భాగం చక్కెరే, కాస్త తేమ ఉంటుంది కాబట్టి 60కి బదులు 70 గ్రాములు. చెంచాలు పనికిరావు, తూకమే. పచ్చగా మెరిసే దిమ్మ కంటే నల్లగా ఉన్నదాన్ని ఎంచుకో, తెల్లబరచడానికి మందు కలిపే అలవాటు కొన్ని చోట్ల ఉంది. వేణ్ణీళ్లలో కరిగించి, పలుచటి గుడ్డలో వడగట్టు, అడుగున ఇసుక దిగుతుంది. శ్రీరామనవమి పానకం గుర్తుంది కదా, అదే ఇది. మిరియాలు తీసేసి ఉప్పు వేశామంతే. మిరియాలు పరుగులో ఛాతీలో మండుతాయి, వద్దు. యాలకులు రెండు చితగ్గొట్టి వేసుకో, బాగుంటుంది. నన్నారి (సుగంధి) రుచి ఇష్టమైతే ఆ పాకంలో చక్కెర ఎంత ఉందో సీసా మీద చదివి, అంత బెల్లం తగ్గించు.

టెంకాయ నీళ్లను అమృతమంటారు. మంచివే. కాని వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో ఎక్కువగా పోయేది సోడియం. అర లీటరు టెంకాయ నీళ్లు, అర లీటరు మామూలు నీళ్లు కలిపి, ఉప్పు అదే కొలత వేసి, చక్కెర 40 గ్రాములకు తగ్గించు. లోపల తీపి కొంత ఉండనే ఉంటుంది. మజ్జిగ పరుగులో వద్దు, ఇంటికి వచ్చాక. రాగి అంబలి పరుగుకు రెండు గంటల ముందు ఒక గ్లాసు తాగు, లేదంటే వచ్చాక కడుపు నిండా తాగు. సంగటి తిని పెరిగిన ఒళ్లు మనది, అంబలికి ఇబ్బంది పడదు. పరుగెత్తుతూ మాత్రం పీచు ఉన్నది తాగితే కడుపు ఊరుకోదు.

మొన్న అలిపిరి మెట్ల మీద చూశాను. 3,550 మెట్లు ఎక్కేది మూడు నాలుగు గంటల పని. మామూలు జనం దాహానికి కూల్‌డ్రింకు సీసాలు ఎత్తుతున్నారు. 100 మిల్లీలీటర్లలో 10, 11 గ్రాముల చక్కెర, ఉప్పు దాదాపు సున్నా. నేను ఆ బిందెలో కలిపిన తప్పే ఇది. పక్కన పిల్లవాడు నీరసంగా ఉంటే నా సీసా ఇచ్చాను. వాళ్లమ్మ ఏం కలిపారని అడిగితే అక్కడే మెట్టు మీద కూర్చుని రాసిచ్చాను.

ఎంత తాగాలి? గంటలోపు పరుగుకు ఉత్త నీళ్లు చాలు. గంట దాటితే పదిహేను, ఇరవై నిమిషాలకోసారి నాలుగైదు గుటకలు, గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు. ముప్పావు లీటరు తాగితే 45 గ్రాముల తీపి దిగుతుంది. మామూలుగా గంటకు 30 నుంచి 60 గ్రాముల దాకా ఒళ్లు వాడుకోగలదు. మూడు గంటలు దాటేరోజు ఒక అరటిపండు జేబులో పెట్టుకో. నీ కొలత నీదే కాబట్టి, పరుగుకు ముందూ తర్వాతా బనియను తీసేసి బరువు చూసుకో. 60 కిలోలవాడివి 59కి వచ్చి, దారిలో అర లీటరు తాగి ఉంటే, పోయిన చెమట లీటరున్నర. అదంతా దారిలోనే నింపాల్సిన పని లేదు, బరువు నూటికి రెండు పాళ్ల లోపు తగ్గితే పర్వాలేదు. మిగిలింది ఇంటికొచ్చి కిలోకు లీటరూ పావు లెక్కన నెమ్మదిగా తాగు.

పరుగు అయ్యాక బరువు పెరిగి ఉంటే మాత్రం భయపడాలి, ఇది మరీ మరీ చెబుతున్నాను. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే నూటికి 13 మందికి సోడియం తగ్గిపోయి ఉంది. దారిలో బరువు పెరిగినవాళ్లలోనే అది ఎక్కువ. ఉత్త నీళ్లు తాగారా, ఆటగాళ్ల పానీయం తాగారా అన్నది పెద్దగా తేడా తేలేదు. అంటే నేను చెప్పిన ఉప్పు వేసినా, బలవంతంగా కడుపు నింపితే అది కాపాడదు. తలనొప్పి, వేళ్లు ఉబ్బడం, వాంతి, మాట తడబడడం కనిపిస్తే ఇంకా నీళ్లు తాగించనివ్వకు, ఆసుపత్రికి పో. పైన చెప్పిన గుటకలు కూడా దాహం వేసినప్పుడే తాగు.

ఈ నీళ్లు ఇంట్లో అందరివీ కావు. మీ నాన్నకు, అదే మా అన్నకు, షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. ఫ్రిజ్‌లో కనిపించిందని ఎత్తి తాగేస్తాడు, సీసా మీద నీ పేరు రాసి పెట్టు. రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకో, తెల్లారుజామున తీసుకుపో, మిగిలింది సాయంత్రానికి దాచొద్దు. మన ఎండకు బెల్లం నీళ్లు త్వరగా పులుస్తాయి. పోటీ రోజు కొత్త కొలత వద్దు, ఇప్పటి నుంచే ప్రతి ఆదివారం ఇదే తాగి కడుపుకు అలవాటు చెయ్యి.

నల్ల బెల్లం దిమ్మ ఒకటి తెప్పించి పెట్టాను. శనివారం వచ్చినప్పుడు ఇక్కడే తూకం వేసి రెండు వారాలకు సరిపడా పొట్లాలు కట్టిస్తాను. నీ సీసాలు రెండూ తీసుకురా. మూత లోపలి రబ్బరు తీసి వేణ్ణీళ్లలో ఎప్పుడైనా కడిగావో లేదో చూడాలి, అక్కడే నల్ల బూజు దాక్కుంటుంది.

మీ అత్త