ఆనకట్ట దుంగల దగ్గరికి వెళ్లే ముందు

అమ్మాయీ,

నదిలో నీళ్లు దించారనీ, పాత చెక్క ఆనకట్ట బయటపడిందనీ రాశావు. టెన్షన్ పడకు, కానీ ఆలస్యమూ చేయకు. ఇన్నేళ్లూ గాలి తగలకుండా నీళ్లలో ఉంది కాబట్టే ఆ చెక్క మిగిలింది. ఎండ తగిలితే పగుళ్లు మొదలవుతాయి. నా మొదటి తవ్వకంలో, ఫొటో తర్వాత తీద్దాంలే అని భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బాడిసె (వడ్రంగులు చెక్క చెక్కే పనిముట్టు) దెబ్బలున్న చోటే నెర్రెలిచ్చింది. ఆ గుర్తులు మళ్లీ చూడలేకపోయాను. అందుకే ముందు తడి గోనెపట్టాలు, కెమెరా తర్వాత.

ఇలాంటి కట్టల్లో చాలావాటికి దుంగల్ని అడ్డంగా, పొడుగ్గా మార్చి మార్చి పేర్చి, పెద్ద పెట్టెల్లా కట్టి, లోపల రాళ్లు నింపేవాళ్లు. నీళ్లు చెక్కను పైకి లేపాలని చూస్తాయి, రాళ్లు దాన్ని అదిమి పెడతాయి. ఎగువ వైపు పలకలు ఏటవాలుగా ఉన్నాయంటే నీటి బరువుతో కూడా కట్టను కిందికి నొక్కించుకున్నారన్నమాట. ఎంత తెలివో చూడు! అందుకని ఆ రాళ్లను చెత్తనుకుని తీయించేయకు. ఏ పెట్టెలో ఎంతెంత రాళ్లున్నాయో రాసుకో.

దుంగ మీద చెయ్యి పెట్టి చూడు. గొడ్డలి దెబ్బలా, బాడిసె చెక్కుళ్లా? రంపం గీతలు వంపుగా ఉంటే గుండ్రటి రంపంతో కోసిన చెక్క, అది తర్వాత వేసిన మరమ్మతు ముక్క కావచ్చు. మేకుల సంగతి అంతకన్నా తేలిక, చేత్తో కొట్టి చేసినవేవో మిషన్‌వేవో చాలావరకు చూసి చెప్పొచ్చు.

కాలం తేల్చడంలోనే మనవాళ్లు బోల్తా పడతారు. బెరడు అంచు ఉన్న దుంగ దొరికితే, ఏడాదికొకటిగా ఏర్పడ్డ వలయాలు లెక్కపెట్టి ఇదివరకే తేదీలు తేలిన చెట్ల వలయాలతో పోల్చి, చెట్టు ఏ ఏడు నరికారో చెప్పొచ్చు. బెరడు చెక్కేసి ఉంటే ‘ఫలానా ఏడు తర్వాత’ అని మాత్రమే. దుంగలో పనిలేని బెజ్జాలు కనిపిస్తే అనుమానించు, అది ఇంకెక్కడో పాత కట్టడం నుంచి పీక్కొచ్చింది కావచ్చు. పైవరస దుంగలు తడుస్తూ ఆరుతూ ముందు పుచ్చిపోతాయి, వాటిని మార్చి మార్చి వేసుంటారు. వాటి తేదీ చూసి కట్ట వయసు రాసేస్తే తప్పే. అట్టడుగున, నది అడుగు నేల మీద కూర్చున్న దుంగల నుంచే నమూనాలు తియ్యి.

నీళ్లు మళ్లీ ఎప్పుడు వదులుతారో ఇంజనీర్‌ను ఇవాళే అడుగు. టైమ్ తక్కువుంటే పైవి వదిలేసి, సరాసరి అడుగు దుంగల దగ్గరికి వెళ్లు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు