మేనమామ ఫైబర్ షెడ్డుకు రమ్మంటున్నాడు, పంపాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లెటూరు. రెండెకరాల బత్తాయి తోట ఉంది. మా అబ్బాయికి 19 ఏళ్లు. ఇంటర్ ఎంపీసీ పాసై డిగ్రీలో చేరాడు కానీ మొదటి ఏడాదిలోనే మానేశాడు. మా బామ్మర్ది చౌటుప్పల్ దగ్గర ఫైబర్‌గ్లాస్ ట్యాంకులు చేసే షెడ్డులో 12 ఏళ్లుగా ల్యామినేటర్‌గా, అంటే గాజు పొరలు పరిచే పని, చేస్తున్నాడు. పిల్లవాణ్ని తన దగ్గరికి పంపమంటున్నాడు. వాడికీ ఇష్టమే. మా ఇంటావిడ మాత్రం ఆ మందుల వాసనకు ఊపిరితిత్తులు పాడవుతాయని, పైగా ఈ పనికి ముందుముందు గిరాకీ ఉండదని టెన్షన్ పడుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: పంపొచ్చు. అయితే మీరు స్వయంగా వెళ్లి ఆ షెడ్డు చూసి వచ్చాకే పంపండి. మీ ఇంటావిడ భయంలో చాలావరకు నిజముంది కాబట్టి ముందు ఆ సంగతే మాట్లాడుకుందాం.

ఫైబర్ పనిలో గాజు పొరలను తడిపి గట్టిపరచడానికి వాడే చిక్కటి ద్రవం పాలియెస్టర్ రెజిన్. అందులో స్టైరీన్ అనే ద్రవం ఉంటుంది. షెడ్డు గేటు దగ్గరే ముక్కుకు తగిలే ఘాటు వాసన దానిదే. గాలి ఆడని చోట ఎక్కువసేపు పీలిస్తే కళ్లు మండుతాయి, తల నొస్తుంది, మత్తుగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో దీన్ని ‘మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేవి’ అనే వర్గంలో చేర్చింది. చాలామంది ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని పని కానిస్తారు. కర్చీఫ్ గానీ, తెల్లటి దుమ్ము మాస్కు గానీ ఈ ఆవిరిని ఆపలేవు. రెజిన్ ఆవిరికి బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కే పెట్టుకోవాలి, ఆ కార్ట్రిడ్జ్‌ను ఎప్పటికప్పుడు మార్చాలి. గ్రైండింగ్ చేసేటప్పుడు గాజు దుమ్ము లేస్తుంది, దానికి దుమ్ము మాస్కు, కళ్లద్దాలు వేరే ఉండాలి. చేతులకు, మెడకు పట్టే దురద కొత్తలో నిద్ర పట్టనివ్వదు. నిండు చేతుల చొక్కా వేసుకోవాలి, దురద పెట్టినచోట గోకకుండా చన్నీళ్లతో కడుక్కోవాలి, పని బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి ఉతకకూడదు.

వీటికంటే నేను ఎక్కువ భయపడేది హార్డనర్‌కు. రెజిన్ గట్టిపడటానికి కిలోకు 10 నుంచి 20 గ్రాముల దాకా కలిపే ద్రవం అది, ఎంఈకేపీ అంటారు. చూడటానికి నీళ్లలాగే ఉంటుంది. కొన్నేళ్ల కింద అచ్చంపేట వైపు కుర్రాణ్ని ఒకణ్ని నా మాట మీదే ఒక షెడ్డుకు పంపారు. అక్కడ హార్డనర్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి, మూతతో కొలిచి కలిపేవారు. ఒకరోజు చుక్క ఎగిరి కంట్లో పడింది. కుళాయి షెడ్డు బయట, గేటు దగ్గర ఉంది. కన్ను మూసుకుని తడుముకుంటూ అక్కడికి చేరేసరికి ఆలస్యమైంది. ఆ కంటి చూపు పూర్తిగా తిరిగి రాలేదు. పంపేముందు జీతం ఎంతో అడిగాను, నీళ్లు ఎక్కడున్నాయో అడగలేదు. అప్పటి నుంచి ఎవరు ఈ పని గురించి అడిగినా మొదట ఈ మాటే చెబుతున్నాను. కంట్లో పడితే ఆ క్షణంలోనే నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడగాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇంకో సంగతి: హార్డనర్‌ను, రెజిన్ గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను నేరుగా కలిపితే పేలుతుంది. కోబాల్ట్ ముందు రెజిన్‌లో బాగా కలిసిపోవాలి, హార్డనర్ తర్వాత వేయాలి. ఈ వరుస మీ బామ్మర్దికి కంఠతా వచ్చే ఉంటుంది. మీవాడికి మాత్రం మొదటి రోజే చెప్పాలి.

ఇక పని సంగతి. అచ్చుకు (మౌల్డ్) వాక్స్ పట్టించి, పైన జెల్‌కోట్, అంటే వస్తువుకు పైపొర అయ్యే రెజిన్, కొడతారు. అది వేలికి జిగటగా తగలాలి, వేలికి అంటుకుని రాకూడదు. ఆ అదను చూసి గాజు పోగుల మ్యాట్ పరిచి, బ్రష్‌తో రెజిన్ పట్టించి, రోలర్‌తో నొక్కుతూ పోవాలి. తెల్లటి మ్యాట్ రెజిన్ తాగుతున్నకొద్దీ అద్దంలా తేటపడుతుంది. ఎక్కడైనా తెల్లమచ్చ మిగిలిందంటే అక్కడ గాలి చిక్కుకున్నట్టు. రేపు యాసిడ్ ట్యాంకు కారేది సరిగ్గా అక్కడే. మన నల్లగొండ ఎండల్లో, ఏప్రిల్ మధ్యాహ్నం, ఉదయం కలిపిన లెక్కనే హార్డనర్ కలిపితే సగం మ్యాట్ పరిచేలోపే మగ్గులోని రెజిన్ వేడెక్కి, పొగలు కక్కి, రాయిలా మారిపోతుంది. ఎండను బట్టి పాళ్లు తగ్గించడం తెలిసినవాడే అసలు పనివాడు. చూసేవాళ్లకు ఇది పెయింట్ పనిలా కనిపిస్తుంది కానీ, ఇందులో కెమిస్ట్రీ ఉంది. మీవాడు చదివిన ఎంపీసీ వృథా కాలేదు.

గిరాకీ గురించి మీ ఊళ్లోనే చూపిస్తాను. ఫ్లోరైడ్ వల్ల మన జిల్లాలో ఊరూరా వాటర్ ప్లాంట్లు వచ్చాయి కదా. ఆ గదిలో మూలన నిలబెట్టే పొడవాటి నీలం సిలిండర్లు సాధారణంగా ఫైబర్‌గ్లాస్‌వే. కానీ వాటిని చేత్తో చేయరు, రెజిన్‌లో తడిపిన గాజు దారాన్ని మెషీన్ చుడుతుంది. (మేడ మీద ఉండే నల్లటి నీళ్ల ట్యాంకు మాత్రం ఫైబర్ కాదు, ప్లాస్టిక్. ఫైబర్ ట్యాంకులకు గిరాకీ పోయిందని చాలామంది అనుకునేది దాన్ని చూసే.) ఒకే కొలతతో వేలకు వేలు చేసే వస్తువులు మెల్లగా మెషీన్‌కే పోతాయి. ఫైబర్ రేకులు ఎప్పుడో అలా పోయాయి. చేతిపని నిలిచేది ప్రతిసారీ కొలత మారేచోట. చౌటుప్పల్ చుట్టూ, జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో ఉన్న మందుల కంపెనీలకు యాసిడ్ ట్యాంకులు, ఘాటు వాయువులను కడిగే స్క్రబ్బర్లు, గాలి గొట్టాలు కావాలి. ఇనుము అక్కడ తుప్పు పట్టి పోతుంది. ఒక ప్లాంటుకు చేసిన స్క్రబ్బర్ ఇంకో ప్లాంటుకు సరిపోదు. పైగా పాత ట్యాంకుల లోపలి పొర ఊడిపోతే మళ్లీ వేయడానికి మనిషే లోపలికి దిగాలి. ఆ పని పోదు. అలా దిగాల్సి వచ్చినప్పుడు లోపల గాలి పరీక్ష చేయకుండా, బయట ఒక మనిషి కాపలా లేకుండా దిగొద్దని కూడా వాడికి చెప్పండి.

గాలిమరల రెక్కలు కూడా ఫైబర్‌గ్లాస్ పనే. 2025 మార్చి నాటికి దేశంలో పవన విద్యుత్ సామర్థ్యం 50 గిగావాట్లు దాటింది. 60, 70 మీటర్ల రెక్కను రోలర్‌తో చేయలేరు. గాజు బట్టను పొడిగా పరిచి, పైన సంచి కప్పి, గాలి లాగేసి రెజిన్ ఎక్కిస్తారు. వ్యాక్యూమ్ ఇన్‌ఫ్యూజన్ అంటారు. వాసన తక్కువ, నాణ్యత ఎక్కువ. ఆ ఫ్యాక్టరీలు తమిళనాడు, గుజరాత్ వైపు ఎక్కువ ఉన్నాయి, కాబట్టి ఊరు వదలాల్సి వస్తుంది. ఆదిభట్ల విమాన భాగాల కంపెనీల పేరు చెప్పి ఎవరైనా ఆశ పెడితే మాత్రం తొందరపడకండి. అక్కడ లోహపు పని ఎక్కువ, షెడ్డు అనుభవం ఒక్కటే చూపిస్తే తీసుకోరు.

అందుకే మొదటి రెండేళ్లు మీవాడు ఏం చేస్తాడన్నది ముఖ్యం. రోజంతా రోలర్ తిప్పి, సాయంత్రం కూలి తీసుకుంటే పదేళ్లకీ అక్కడే ఉంటాడు. ఒక నోట్‌బుక్ పెట్టుకోమనండి. ఏ రోజు ఎంత ఎండ, కిలోకు ఎంత హార్డనర్, ఎన్ని నిమిషాలకు సెట్ అయింది, చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ ఎన్ని పొరలు వేస్తే ఎంత మందం వచ్చింది, అన్నీ రాసుకోవాలి. డ్రాయింగ్ చదవడం నేర్చుకోవాలి. మౌల్డ్ తయారుచేసేవాళ్ల పక్కన నిలబడాలి, ఎందుకంటే షెడ్డులో అందరికంటే విలువ ఎక్కువ వాళ్లకే. సరుకు గట్టిదనం కొలిచే బార్కాల్ మీటర్ ఉంటే పట్టుకుని చూడాలి, అది క్వాలిటీ విభాగంలోకి వెళ్లే దారి. గల్ఫ్‌లో ఫైబర్ పైపులు అతికే పనికి వెల్డర్లకు పెట్టినట్టే పరీక్ష పెట్టి, పాసైనవాణ్ని బాండర్‌గా తీసుకుంటారు. నాలుగైదేళ్ల తర్వాత ఆ ఆలోచన చేయొచ్చు, అదీ ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటు ద్వారానే.

కాగితం కూడా కావాలి. షెడ్డు యజమానిని అప్రెంటిస్‌గా తీసుకోమని అడగండి. కేంద్ర పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 దాకా ప్రభుత్వమే భరిస్తుంది, చివర సర్టిఫికెట్ వస్తుంది. యజమాని ఒప్పుకోకపోతే, లేదా ఏడాది చేశాక మీవాడికి ఈ లైను నచ్చితే, చర్లపల్లిలోని కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ శిక్షణ సంస్థ సీపెట్‌లో ప్లాస్టిక్స్ టెక్నాలజీ డిప్లొమా ఉంది. మూడేళ్లు, పది పాసైతే చాలు, ప్రవేశ పరీక్ష రాయాలి. నన్నడిగితే ఈ డిప్లొమానే మేలు. కూలిగా వెళ్లినవాడు సూపర్‌వైజర్‌గా తిరిగి వస్తాడు. మానేసిన డిగ్రీని అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో పని చేసుకుంటూనే చదవొచ్చు.

జీతం నెల లెక్కనా, కిలో లెక్కనా అని ముందే తేల్చుకోండి. పదిమంది, ఆపైన పనిచేసేచోట, జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ ఉండాలి. రేపు దగ్గు వచ్చినా, చర్మం పాడైనా చూపించుకోవడానికి అదే ఆధారం. కార్డు చేతికి రాలేదంటే చేరిన మొదటి నెలలోనే గట్టిగా అడగండి.

ఆదివారం వెళ్లకండి, పని జరిగే రోజు, మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. ఆ ఎండలో ఫ్యాన్లు తిరుగుతున్నాయా, ఎంతమంది మాస్కు వేసుకున్నారు, ఇట్టే మంటంటుకునే ఎసిటోన్ డబ్బాల పక్కన ఎవరైనా బీడీ కాలుస్తున్నారా చూడండి. మీ బామ్మర్దిని పక్కకు పిలిచి, 12 ఏళ్లలో తను ఏ పని నుంచి ఏ పనికి మారాడో, రాత్రిళ్లు దగ్గు వస్తోందేమో అడగండి. అయినవాడు కాబట్టి మీకు నిజమే చెబుతాడు. మీ ఇంటావిడను కూడా వెంట తీసుకెళ్లండి. హార్డనర్ కలిపే బల్ల దగ్గర నిలబడి, అక్కడి నుంచి నీళ్ల కుళాయి దాకా ఎన్ని అడుగులో ఆమెనే లెక్కపెట్టమనండి. పది అడుగులు దాటితే వాణ్ని అక్కడ చేర్చకండి, ఇంకో షెడ్డు చూద్దాం.